ఫమగుస్తాకి పెద్ద పరిష్కారం అక్కర్లేదు, ఓ బేరం చాలు

ఫమగుస్తా అని కొట్టి ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వచ్చేవి వరోషా ఫోటోలే. అద్దాలు లేని హోటళ్లు, బాల్కనీ అంచుల్లోంచి బయటపడ్డ తుప్పు చువ్వలు, దుకాణాల్లో పైకప్పు దాకా పెరిగిన పొదలు. కింద ఎవరో ఒకరు "కాలం ఆగిపోయిన ఊరు" అని రాస్తారు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సైప్రస్ తూర్పు తీరంలోని ఈ రేవు పట్నంలో వరోషా అనే సగాన్ని 1974 ఆగస్టులో టర్కీ సైన్యం కంచె వేసి మూసింది. ఆ తర్వాత యాభై ఏళ్లుగా దాన్ని అలాగే ఉంచడానికి చాలామంది పెద్దమనుషులు ఎంతో ఓపిగ్గా పనిచేశారు. వాళ్లలో దక్షిణాన ఉన్న గ్రీకు సైప్రియట్లూ ఉన్నారు, ఉత్తరాన ఉన్న టర్కిష్ సైప్రియట్లూ ఉన్నారు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. దీవి ఇలా రెండుగా చీలిన సైప్రస్ సమస్య మొత్తం తేలేదాకా ఫమగుస్తా ఆగాల్సిందే అని అందరూ అనుకోవడం వల్లే ఈ ఊరు పాడైంది. ఒకరికి కావలసింది ఇంకొకరి చేతిలో ఉంది: గ్రీకు సైప్రియట్లకి వరోషా కావాలి, టర్కిష్ సైప్రియట్లకి రేవు తెరుచుకోవాలి. ఇచ్చిపుచ్చుకుంటే తేలిపోయే పని. ఆ బేరం కాగితం మీదకి ఎన్నోసార్లు వచ్చింది, వచ్చినట్టే పోయింది.

ఊరి నైసర్గిక స్వరూపం తెలియకపోతే ఇదేమీ అర్థం కాదు. ఉత్తరాన కోటగోడల మధ్య పాత ఊరు, దాన్ని ఆనుకుని రేవు. దక్షిణాన సముద్రం వెంబడి వరోషా. ఇంకా కిందికి వెళ్తే ఐక్యరాజ్యసమితి కాపలా కాసే మధ్య జాగా, దాని అవతల డెరీనియా, పరలిమ్ని, అయియా నాపా. నికోసియాలో విభజన రేఖ ఊరి నడిబొడ్డు మీదుగా పోతుంది. ఇక్కడ అలా కాదు. పాత ఊరూ వరోషా రెండూ టర్కీ సైన్యం చేతిలో ఉన్న ఉత్తర భాగంలోనే ఉన్నాయి. ఇళ్లు ఒకవైపు ఉంటే ఇళ్లవాళ్లు ఇంకోవైపు ఉన్నారు.

డెరీనియా దగ్గర దాటే దారి 2018 నవంబరులో తెరిచారు. మన పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకి ఒక మాట: దక్షిణాన ఉన్న సైప్రస్ రిపబ్లిక్ దృష్టిలో ఉత్తరంలోని విమానాశ్రయంలోనో రేవులోనో దిగడం చట్టవిరుద్ధ ప్రవేశం. లార్నకాలో దిగి, ఇటునుంచి అటు వెళ్లి, మళ్లీ ఇటే రావడం తలనొప్పి లేని పద్ధతి.

పాత ఊరి గోడ చుట్టూ తిరిగితే మూడున్నర కిలోమీటర్లు. ఎత్తు 15 మీటర్ల దాకా, కొన్నిచోట్ల మందం 8 మీటర్లు. లోపలికి వెళ్లగానే నన్ను ఆశ్చర్యపరిచింది శిథిలాలు కాదు, కుర్రకారు. ఇక్కడి ఈస్టర్న్ మెడిటరేనియన్ యూనివర్సిటీకి ఆఫ్రికా నుంచి, మధ్య ఆసియా నుంచి పిల్లలొచ్చి చదువుతారు. పద్నాలుగో శతాబ్దపు చర్చి గోడకి ఆనుకుని కాఫీ దుకాణం, దాని ముందు ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న నైజీరియా కుర్రాడు. చచ్చిపోయిన ఊరు అని రాసేవాళ్లు ఈ వీధిలోకి రారు కాబోలు.

వీధి చివర ఒకప్పటి సెయింట్ నికొలస్ కెథడ్రల్, ఇప్పటి లాలా ముస్తఫా పాషా మసీదు. ముఖద్వారం అచ్చం ఫ్రాన్సులోని గోథిక్ చర్చిలా ఉంటుంది. రెండు బురుజుల తలలూ లేవు, ఒకదాని మీద చిన్న మినారు. లోపలికి వెళ్తే కాసేపు దిక్కు తెలియదు. స్తంభాల వరుసలన్నీ మనల్ని తూర్పుకి లాగుతుంటాయి, ఎందుకంటే కట్టింది చర్చిగా. కింద తివాచీ గీతలు మాత్రం దక్షిణపు గోడలో ప్రార్థన దిక్కు చూపే గూడు, మిహ్రాబ్ వైపు తిరిగి ఉంటాయి. కట్టడం ఒకవైపు చూస్తుంటే ప్రార్థన ఇంకోవైపు చూస్తుంది. నాలుగు వందల యాభై ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది, ఎవరి ప్రార్థనా ఆగలేదు.

బయట ముంగిట్లో పెద్ద చెట్టు. మన మేడిచెట్టుకి దగ్గరి చుట్టం, సికమోర్ అంజూరం. కాయలు కొమ్మలకే కాక కాండానికీ గుత్తులుగా అంటుకుని ఉంటాయి. అచ్చం మేడి లాగానే. కెథడ్రల్ కట్టడం మొదలైన రోజుల్లో నాటారని ఊళ్లో చెబుతారు, అదెంతవరకు నిజమో గానీ దాని నీడ మాత్రం నిజం. మేడిపండు అనగానే తెలుగువాడికి ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా. నాకూ అదే గుర్తొచ్చింది, ముఖ్యంగా ఆ పక్కనే ఉన్న పర్యాటక బోర్డులు చదువుతున్నప్పుడు.

ఈ ఊరికి డబ్బు ఎలా వచ్చిందన్నది నా వాదనకి చాలా ముఖ్యం. 1291లో పాలస్తీనా తీరంలోని అక్రా నగరం ఈజిప్టుని ఏలే మమ్లూక్ సుల్తానుల వశమైంది. అక్కడి క్రైస్తవ వర్తకులు ఓడలెక్కి ఇక్కడికి వచ్చేశారు. ముస్లిం రేవులతో నేరుగా వ్యాపారం చెయ్యకూడదని పోపు నిషేధం పెట్టాడు. తూర్పు నుంచి వచ్చే మిరియాలు, పట్టు, చక్కెర మధ్యలో ఎక్కడో చేతులు మారాలి కదా. ఆ చోటు ఫమగుస్తా అయింది. జెనోవా, వెనిస్, పీసా వర్తకులు, సిరియా క్రైస్తవులు, ఆర్మీనియన్లు అందరూ ఇక్కడ గిడ్డంగులు పెట్టారు. కెథడ్రల్ 1328 నాటికి వాడకంలోకి వచ్చింది. సైప్రస్ రాజులు నికోసియాలో ఒక కిరీటం పెట్టుకుని, అప్పటికే చేజారిన జెరూసలేం రాజ్యపు కిరీటం పెట్టుకోవడానికి ఇక్కడికి వచ్చేవారు. లేని రాజ్యానికి పట్టాభిషేకం!

అలాంటి ఒక పట్టాభిషేకంలోనే, 1372లో, రాజుగారి గుర్రం కళ్లెం కుడివైపు ఎవరు పట్టుకోవాలని జెనోవా వాళ్లూ వెనిస్ వాళ్లూ కొట్టుకున్నారు. మాటామాటా పెరిగి విందులో రక్తం కారింది. మరుసటి ఏడే జెనోవా నౌకాదళం వచ్చి ఊరిని లాక్కుంది, 1464 దాకా వదల్లేదు. పంతం కోసం రేవుని పాడుచేసుకోవడం ఇక్కడ 1974తో మొదలైన సంగతేం కాదు. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఒక ఆంక్ష ఈ రేవుని కోటీశ్వరుణ్ణి చేసింది, ఆరేడు వందల ఏళ్ల తర్వాత ఇంకో ఆంక్ష దాన్ని బికారిని చేసింది.

1489లో వెనిస్ చేతికి వచ్చింది. ఇప్పుడు మనం చూసే మందపాటి గోడలు వాళ్లు ఫిరంగులకి తట్టుకునేలా మార్చి కట్టినవి. సముద్రం వైపు కోట గుమ్మం మీద వెనిస్ గుర్తైన సెయింట్ మార్క్ సింహం, కింద 1492 అని చెక్కి ఉంటాయి. షేక్స్‌పియర్ నాటకంలో కథ సైప్రస్ రేవులో నడుస్తుంది కాబట్టి దీనికి ఒథెల్లో కోట అని పేరు తగిలించారు.

1570 సెప్టెంబరులో ఒట్టోమన్ సేనలు చుట్టుముట్టాయి. దాదాపు 11 నెలలు ఊరు నిలబడింది. తిండీ మందుగుండూ అయిపోయాక వెనిస్ సేనాని మార్కాంతోనియో బ్రగదీన్ షరతుల మీద లొంగిపోయాడు. షరతులు నిలవలేదు. 1571 ఆగస్టు 17న అతని చర్మం ఒలిచి చంపారు. ఆ చర్మం ఇప్పుడు వెనిస్‌లో ఒక చర్చిలో ఉంది. ఐరోపా చరిత్రల్లో ఈ కథ ఎంతో వివరంగా ఉంటుంది. తర్వాత ఊరి మామూలు మనుషులకి ఏమైందన్నది రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. గోడ లోపల ఉండొద్దని గ్రీకు క్రైస్తవుల్ని బయటికి పంపారు. వాళ్లు దక్షిణాన ఇసుకనేలలో బావులు తవ్వుకుని, నారింజ తోటలు వేసుకుని కొత్త పేట కట్టుకున్నారు. అదే వరోషా.

అంటే వరోషా పుట్టడమే ఒక గెంటివేతతో పుట్టింది. ఈ సంగతి గ్రీకు వైపు గైడు చెబుతాడు. 1963 డిసెంబరులో మొదలైన కొట్లాటల తర్వాత టర్కిష్ సైప్రియట్లు గోడల మధ్య ఇరుక్కుని ఏళ్ల తరబడి బతికిన సంగతి టర్కిష్ వైపు గైడు చెబుతాడు. ఎవరి కథ ఎక్కడ మొదలవుతుందో చూస్తే చాలు, ఎవరు దోషిగా తేలుతారో ముందే తెలిసిపోతుంది. నేను ఎక్కడ మొదలుపెట్టినా ఎవరికో ఒకరికి కోపం వస్తుంది, అందుకని 1291లో మొదలుపెట్టాను.

బ్రిటిష్ వాళ్లు 1878లో వచ్చారు. రేవు బాగుచేశారు, 1905లో నికోసియాకి రైలు వేశారు, 1951లో దాన్ని మూసేశారు. పాలస్తీనాకి వెళ్లబోయిన యూదు శరణార్థుల్ని పట్టుకుని 1946 నుంచి 1949 దాకా ఊరి పక్కనే కరావోలోస్ శిబిరంలో, మరికొన్ని చోట్ల ముళ్లకంచెల మధ్య ఉంచారు. మొత్తం మీద యాభై వేల పైనే. ఈ ఊరికి కంచెలు కొత్తేం కాదు.

1960లో స్వాతంత్ర్యం. తర్వాతి పద్నాలుగేళ్లు వరోషా దశ తిరిగింది. కెన్నెడీ అవెన్యూ వెంట ఆర్గో, అస్టేరియాస్, గ్రీషియన్, ఫ్లోరిడా, కింగ్ జార్జ్ హోటళ్లు లేచాయి. ఎలిజబెత్ టేలర్, రిచర్డ్ బర్టన్ లాంటి తారలు వచ్చేవారు. రేవు సంగతి ఇంకా పెద్దది. దీవికి వచ్చిపోయే సాధారణ సరుకులో 80 శాతం పైగా ఈ ఒక్క రేవు మీదే నడిచేది. ఆ సరుకు దిగేది టర్కిష్ పేట గోడ పక్కన, అమ్ముడయ్యేది గ్రీకు పేట దుకాణాల్లో. ఒకరినొకరు నమ్మకపోయినా ఒకరి అవసరం ఇంకొకరికి ఉండేది.

ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన ఒకటి చెప్పుకోవాలి. 1964లో దిగిన ఐక్యరాజ్యసమితి శాంతి సేనకి మొదటి అధిపతి భారతీయుడు, జనరల్ గ్యానీ. ఆయన తర్వాత జనరల్ తిమ్మయ్య. తిమ్మయ్య 1965 డిసెంబరులో సైప్రస్‌లోనే, ఉద్యోగంలో ఉండగానే పోయారు. 1966లో ఆయన పేర సైప్రస్ స్టాంపు వేసింది. రెండు జాతులూ గౌరవించిన బయటివాళ్లు ఆ దీవిలో బహు తక్కువ.

1974 జూలై 15న ఏథెన్స్ సైనిక పాలకుల అండతో సైప్రస్ అధ్యక్షుడు మకారియోస్ మీద కుట్ర జరిగింది. 20న టర్కీ సైన్యం దిగింది. ఫమగుస్తా పాత ఊళ్లో వేలమంది టర్కిష్ సైప్రియట్లు గోడల కింది సొరంగాల్లో, బురుజుల్లో తలదాచుకున్నారు, బయట గ్రీకు సైప్రియట్ నేషనల్ గార్డ్. ఆగస్టు 14న రెండో దాడి మొదలైంది. అదే రోజు ఊరికి దగ్గరలోని మరాథా, సంతలారిస్, అలోవా గ్రామాల్లో 126 మంది టర్కిష్ సైప్రియట్లని గ్రీకు సాయుధులు చంపేశారు. చాలామంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ ఒకటి రెండు రోజుల్లోనే టర్కీ ట్యాంకులు వస్తున్నాయని వరోషా జనం కట్టుబట్టలతో వెళ్లిపోయారు, నాలుగు రోజుల్లో తిరిగొస్తామనుకుని. దీవి మొత్తం మీద తప్పిపోయినవాళ్ల అధికారిక జాబితాలో 2,002 పేర్లున్నాయి: 1,510 గ్రీకు సైప్రియట్లు, 492 టర్కిష్ సైప్రియట్లు. ఎముకలు దొరికినకొద్దీ ఇప్పటికీ ఒక్కొక్కరికీ అంత్యక్రియలు జరుగుతున్నాయి.

ఉత్తరంలో గ్రీకులు వదిలిన మిగతా ఊళ్లన్నిట్లో కొత్త జనాన్ని దింపారు. వరోషాలో మాత్రం దింపలేదు. సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు కంచె వేసి తాళం పెట్టుకున్నారు. తాకట్టు వస్తువు లెక్క. రేపు చర్చల్లో ఇది వెనక్కిచ్చి ఇంకేదో పుచ్చుకోవచ్చని. కాకపోతే బంగారం పెట్టెలో యాభై ఏళ్లున్నా బంగారమే. సముద్రపు ఉప్పుగాలిలో కాంక్రీటు అలా ఉండదు.

రెండో తాళం దక్షిణం వాళ్లు వేశారు. 1974 అక్టోబరులో సైప్రస్ ప్రభుత్వం ఫమగుస్తా రేవుని మూసేసినట్టు ప్రకటించింది. ఓడలు టర్కీలోని మెర్సిన్ మీదుగా వచ్చిపోవాల్సిందే. అప్పటికీ నారింజలు, బంగాళాదుంపలు బ్రిటన్‌కి వెళ్తూ ఉండేవి. టర్కీ తప్ప ఎవరూ దేశంగా గుర్తించని ఉత్తరం అధికారులిచ్చిన పత్రాలు చెల్లవని 1994లో యూరోపియన్ కోర్టు తీర్పిచ్చాక ఆ దారీ దాదాపు మూసుకుపోయింది. గ్రీకు సైప్రియట్ మిత్రులకి వరోషా కంచె కనిపించినంతగా ఈ తాళం కనిపించదు. కంచె ఫోటోకి బాగుంటుంది, ఖాళీగా ఉన్న క్రేనుని ఎవరు తీస్తారు?

ఇక బేరాల సంగతి. 1979లో ఇరుపక్షాల నాయకులు కిప్రియానూ, డెంక్టాష్ సంతకాలు పెట్టిన పది అంశాల ఒప్పందంలోనే ఉంది: సమగ్ర పరిష్కారం కోసం ఆగకుండా, వరోషాకి జనాన్ని తిరిగి చేర్చడం ముందు చేపట్టాలని. 1984లో భద్రతామండలి 550వ తీర్మానంలో, సొంతవాళ్లు తప్ప ఇంకెవరూ అక్కడ స్థిరపడకూడదు, ఆ ప్రాంతాన్ని ఐక్యరాజ్యసమితికి అప్పజెప్పాలి అన్నారు. 1993లో వరోషాతో పాటు మూతపడిన నికోసియా విమానాశ్రయాన్నీ తెరుద్దామన్నారు. దీవిని మళ్లీ కలపడానికి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తెచ్చిన 2004 ప్రణాళికలో వరోషా వెనక్కి వచ్చేది. ప్రజాభిప్రాయ సేకరణలో గ్రీకు సైప్రియట్లలో 76 శాతం వద్దన్నారు, టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం ఔనన్నారు. 2006లో ఫిన్లాండ్ నడుం కట్టింది: వరోషా ఐక్యరాజ్యసమితి చేతికి, రేవు యూరోపియన్ యూనియన్ అజమాయిషీలోకి. అదీ కుదరలేదు. 2013లో అధ్యక్షుడు అనస్తాసియాదిస్ దాదాపు అదే బేరం తెచ్చాడు. 2022లో మళ్లీ దక్షిణం నుంచే, ఈసారి ఉత్తరంలోని విమానాశ్రయాన్నీ కలిపి. ఉత్తరం వద్దంది.

వద్దనడానికి కారణాలు లేకపోలేదు. రేవు తెరిస్తే దొడ్డిదారిన ఉత్తరాన్ని దేశంగా ఒప్పుకున్నట్టవుతుందని దక్షిణం భయం. కానీ 2004 నుంచి యూరోపియన్ యూనియన్ నిబంధన కింద ఉత్తరం సరుకు రేఖ దాటి దక్షిణానికి వస్తూనే ఉంది, ఎవరి గుర్తింపూ మారలేదు. యూనియన్ అధికారులు నడిపే రేవు వల్ల మారుతుందంటే నేను నమ్మను. వరోషా ఇచ్చేస్తే చేతిలో ఉన్న ఒకే ఒక్క పేకముక్క పోతుందని ఉత్తరం భయం. దీనికి కొంచెం బలముంది. ప్రణాళికకి ఔనన్నది మేము, వద్దన్నవాళ్లు వారం తిరిగేసరికల్లా 2004 మే 1న యూనియన్‌లో చేరిపోయారు, మాకు దక్కిందేమిటని వాళ్లడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. అయినా ఏళ్ల తరబడి దాచిన ముక్క చేతిలోనే చెదలు పడుతుంటే అది ఇంక దేనికి పనికొస్తుంది?

2020 అక్టోబరు 8న ఉత్తరం ఇంకో పనిచేసింది. బేరం లేకుండానే వరోషాలో కొంత భాగాన్ని సందర్శకులకి తెరిచింది. నేను వెళ్లింది ఆ తర్వాతే. గేటు దగ్గర అద్దె సైకిళ్లు, స్కూటర్లు. నల్లగా మెరిసే కొత్త తారురోడ్డు, అంచున సైకిళ్ల కోసం గీసిన రంగు. రోడ్డుకి రెండు వైపులా తాడు కట్టి, కూలిపోయే ప్రమాదం ఉందని బోర్డులు. తాడు ఇవతల అంతా పార్కు, అవతల అంతా శిథిలం. ఐస్‌క్రీము తింటూ తిరగొచ్చు. ఒక పెద్దావిడ చేతికర్రతో అంతస్తులు లెక్కపెడుతూ పక్కనున్న కుర్రాడికి ఏదో బాల్కనీ చూపిస్తోంది. అతను ఫోను ఎత్తి జూమ్ చేస్తున్నాడు. ఆవిడ తాడు ఎత్తి లోపలికి ఒక అడుగు వేసిందో లేదో, కాపలావాడు ఈల వేశాడు. ఆవిడ ఏమంత నొచ్చుకున్నట్టు లేదు, అతనికి గ్రీకులో ఒక చీవాటు పెట్టి వెనక్కి వచ్చింది. నేను అద్దెకి తీసుకున్న సైకిలు ఎక్కి వచ్చేశాను. సొంత వీధిలో ఆవిడకి ఉన్న హక్కూ నాకున్న హక్కూ ఒకటే అయిపోవడం నాకు నచ్చలేదు.

ఆస్తి ఎవరిదో తెలియక వచ్చిన చిక్కు కాదిది. పట్టాలున్నాయి. వరోషా ఇంటి మీద ఒక గ్రీకు సైప్రియట్ మహిళ వేసిన కేసులో టర్కీ ఆమె హక్కుని కాలరాసిందని 2005లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. ఈ నేలలో చాలా భాగం ఒట్టోమన్ కాలపు ధార్మిక సంస్థలదని ఉత్తరం వాదిస్తోంది. వాదించుకోనివ్వండి, దానికి కోర్టులున్నాయి. ఊరు మాత్రం ఊరుగానే ఉంది, ఉన్న చోట లేదంతే. ఫమగుస్తా మునిసిపాలిటీ లిమసోల్‌లో పనిచేస్తుంది, దానికి మేయరున్నాడు, ఎన్నికలున్నాయి. 1911లో పుట్టిన అనోర్థోసిస్ ఫుట్‌బాల్ క్లబ్బు లార్నకాలో ఆడుతుంది. పేరులో ఇంకా ఫమగుస్తానే. 2008లో చాంపియన్స్ లీగ్ గ్రూపు దశకి చేరిన మొదటి సైప్రస్ జట్టు అదే. హోటళ్ల వ్యాపారం పక్కనున్న అయియా నాపాకి తరలిపోయింది. 1974కి ముందు అది చిన్న పల్లె. ఇప్పుడు అక్కడి నుంచి పడవలో తీసుకెళ్లి దూరం నుంచి వరోషాని చూపించి డబ్బు తీసుకుంటారు. అటు సైకిళ్ల అద్దె, ఇటు పడవల టికెట్లు.

ఇద్దరూ కలిసి పనిచెయ్యలేరన్నది కూడా అబద్ధమే. ఒథెల్లో కోట కూలే స్థితిలో ఉంటే రెండు జాతుల నిపుణులున్న సాంస్కృతిక వారసత్వ కమిటీ యూరోపియన్ యూనియన్ డబ్బుతో బాగుచేసింది. 2015లో తెరిచారు. కోట ఎవరి జెండా కింద ఉందన్న ప్రశ్నని పక్కనపెట్టి, వాననీరు ఎటు పోవాలి, ఏ రాయి వదులైంది అన్నవి చూసుకున్నారు. అదే కమిటీ లాంటి ఒకదానికి వరోషాని ఇచ్చి, ఏ భవనం నిలబెట్టొచ్చు, దేన్ని కూల్చాలి, నీళ్ల గొట్టాలకీ మురుగు కాలువలకీ ఎంత అవుతుంది అని ముందు లెక్క తేల్చమనండి. అదే నెలలో యూనియన్ కస్టమ్స్ అధికారుల్ని రేవులో కూర్చోబెట్టి, ఒక్క నారింజల ఓడనైనా నేరుగా పంపించి చూడండి. రెండిట్లో ఏది ముందు అని మళ్లీ పేచీ వస్తుంది, నాకు తెలుసు. ఒకే రోజు చెయ్యండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దున ఏదో చీటీ వేసుకోండి.